స్టీరింగు మీది, దారి అమ్మది

అమ్మని నాలుగు రోజులు ఎక్కడికైనా తీసుకెళ్దామనుకునే కూతురికి మొదట అడ్డొచ్చేది డబ్బూ కాదు, సెలవులూ కాదు. ఎక్కడికెళ్దామమ్మా అని అడిగితే వచ్చే జవాబు. "నీ ఇష్టమే తల్లీ." ఏం తిందాం? నీ ఇష్టం. ఎన్నింటికి బయల్దేరదాం? నీకెప్పుడు వీలైతే అప్పుడు. కొందరం దీన్ని మంచితనమనుకుని మురిసిపోతాం, కొందరం విసుక్కుంటాం. నాకు మాత్రం ఇది అలవాటు తప్పిపోవడం అనిపిస్తుంది. ఇంట్లో ఎవరికేం కావాలో కనుక్కుంటూ నలభై ఏళ్ళు గడిపిన మనిషిని, నీకేం కావాలని ఎవరూ అడగని మనిషిని, ఉన్నట్టుండి అడిగితే ఏం చెబుతుంది? అప్పుడేమో ఆవిడ తరఫున అన్నీ మనమే నిర్ణయించేసి, హోటలు బుక్ చేసి, కారెక్కించి, దర్శనాలు చేయించి, ఫోటోలు తీసి ఇంటి దగ్గర దింపేస్తాం. ఆవిడ చాలా బాగా జరిగిందంటుంది. అబద్ధమేమీ కాదు. కానీ ఆ నాలుగు రోజుల్లో ఆవిడ చేసిందల్లా కూర్చోమన్న చోట కూర్చోవడం.

ఈ అధ్యాయంలో చెప్పేది ఒక్క పని గురించే: ప్రయాణంలో సగం నిర్ణయాలు అమ్మ చేత చేయించడం. చెప్పినంత తేలిక కాదిది. అందుకే దీనికి అనువైన చోటు కూడా నేనే చెబుతున్నాను. కోనసీమ చుట్టూ తిరిగి రండి.

ఎటు వెళ్ళినా నీళ్ళే

ధవళేశ్వరం దాటాక గోదావరి చీలుతుంది. తూర్పున గౌతమి, పడమట వశిష్ట, దక్షిణాన బంగాళాఖాతం. వీటి మధ్య మిగిలిన ముక్కోణపు నేలే కోనసీమ. వశిష్ట నుంచి విడివడిన వైనతేయ దాన్ని మళ్ళీ రెండు ముక్కలు చేస్తుంది. కొబ్బరిచెట్ల మధ్య కారులో పోతుంటే ఇది దీవి అన్న సంగతే తోచదు, ఏదో ఒక వంతెన ఎదురయ్యేదాకా. రైలు ఇంకా లోపలికి రాలేదు. కాకినాడ నుంచి వచ్చిన పట్టాలు కోటిపల్లి దగ్గర, గౌతమికి ఇవతలే ఆగిపోయాయి. కాబట్టి లోపల తిరగాలంటే రోడ్డు, రోడ్డు లేని రేవు దగ్గర పంటు.

రాజమండ్రిలో బయల్దేరి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, ఆత్రేయపురం, ర్యాలి, రావులపాలెం. అక్కణ్ణుంచి లోపలికి పి.గన్నవరం, రాజోలు, అంతర్వేది. మళ్ళీ వెనక్కి వచ్చి జాతీయ రహదారి 216 పట్టుకుని పాశర్లపూడి, బోడసకుర్రు వంతెన, అమలాపురం, మురమళ్ళ, ఎదుర్లంక. వంతెన దాటితే యానాం. చుట్టు మొత్తం రెండొందల చిల్లర కిలోమీటర్లు. తెల్లారగట్ల బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. చాలామంది అలాగే చేస్తారు. మీరు మూడు రోజులు పెట్టుకోండి. రాజోలు వైపు ఒక రాత్రి, అమలాపురంలో ఒక రాత్రి.

కోనసీమే ఎందుకన్నానంటే, ఇక్కడ తప్పు మలుపు తిరిగితే పోయేది అరగంట. ఎటు పోయినా చివరికి గోదావరో, సముద్రమో, కాలవగట్టో వస్తుంది. ఘాట్ రోడ్డు మీదో, అర్ధరాత్రి హైవే మీదో నిర్ణయం ఇంకొకరికి వదలాలంటే మనకి గుండె దడ. ఇక్కడ ఆ భయం లేదు. "ఎటు తిరగమంటావమ్మా?" అని అడిగి, చెప్పిన వైపు నిజంగా తిరిగెయ్యొచ్చు.

అడిగే తీరు

ఎక్కడికెళ్దాం అని వదులుగా అడగకండి. రెండే దారులు ముందు పెట్టండి. "రాజోలుకి గన్నవరం అక్విడెక్టు మీదుగా పోదామా, అమలాపురం వెళ్ళి హైవే మీద పోదామా?" "ఇప్పుడు అయినవిల్లి వినాయకుణ్ణి చూద్దామా, ముందు భోంచేద్దామా?" రెండిట్లో ఒకటి ఎంచుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. మొదటి రోజు పొద్దున్న వచ్చే జవాబులు కూడా మీ మొహం చూసి చెప్పినవే అయి ఉంటాయి. మీకు ఏది నచ్చుతుందో లెక్కేసి అదే చెబుతుంది. పట్టించుకోకండి. సాయంత్రానికి మారుతుంది.

జవాబు వచ్చాక మనం చేసే పని ఒకటుంది, దాన్ని మానుకోవడమే ఇక్కడ అసలు సాధన. అమ్మ "గన్నవరం మీదుగా పోదామే" అంటుంది. మనం ఫోన్ తీసి మ్యాప్ చూస్తాం. "అటైతే ఇరవై నిమిషాలు ఎక్కువమ్మా." అంతే, అయిపోయింది. ఇక ఆ రోజంతా మళ్ళీ నీ ఇష్టమే. ఆవిడ చెప్పిన దారి గతుకులుగా ఉండొచ్చు, చుట్టు కావొచ్చు, మధ్యలో కొబ్బరికాయల ట్రాక్టరు అడ్డం నిలబడొచ్చు. ఉండనివ్వండి. ఎంచుకున్న మనిషికి ఎంపిక తాలూకు ఫలితం కూడా దక్కాలి. "చూశావా, నే చెప్పానా" అన్న మాట ఈ మూడు రోజులూ నోట రాకూడదు.

ఇంకో ఏర్పాటు కూడా బాగా పనిచేస్తుంది. మధ్యాహ్నం దాకా అమ్మ పెత్తనం, తర్వాత మీది. గుళ్ళు ఎలాగూ మధ్యాహ్నం మూసేస్తారు, అందుకని పొద్దుటి పూట ఆవిడదే కావడం సహజంగా కుదిరిపోతుంది. సాయంత్రాలు మీ ఇష్టం: ఓడలరేవు సముద్రం ఒడ్డు, దిండి దగ్గర పడవ, బండారులంకలో చీరల మగ్గాలు. మీ వంతు వచ్చినప్పుడు మొహమాటపడి దాన్ని కూడా ఆవిడకే వదిలేయకండి. అలా చేస్తే త్యాగాల పోటీ మొదలవుతుంది. ఆ పోటీలో అమ్మని ఓడించిన కూతుర్ని నేను చూడలేదు.

ఆత్రేయపురంలో గడియారం

పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దారిలో ఆగి రెండు డబ్బాలు కొనుక్కుని పోవడం పది నిమిషాల పని. నా పక్కనున్న మనిషికి మాత్రం కొనడం మీద ఆసక్తి లేదు. "చేసేది చూద్దామే" అంది. ఒక ఇంటి అరుగు దగ్గర ఆగాం. బోర్లించిన కుండ, లోపల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతుంది ఆ ఇంటావిడ. పొర కాగితంలా లేచొస్తుంది. నాకు నాలుగు రేకులు చూసేసరికి చాలనిపించింది. మా అమ్మ అక్కడే చతికిలబడింది. ఏ బియ్యం వాడతారు, ఎంతసేపు నానబెడతారు, వేళ్ళు కాలవా, రోజుకెంత గిట్టుతుంది, ఆడపిల్లలు నేర్చుకుంటున్నారా, ఈ పొగకి కళ్ళు మండవా. అవతలావిడ చేతులు ఆపకుండానే అన్నిటికీ జవాబు చెప్పింది. కష్టం తెలిసిన ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో నాకు పనేముంది?

ఇలాంటి చోట మీ చెయ్యి ఫోన్ వైపు పోతుంది. పోనివ్వకండి. అమ్మకి ఏది ముఖ్యమో మీకు ముందే తెలుసనుకోవడం వల్ల ఎన్ని ప్రయాణాలు పాడవుతాయో! ర్యాలిలో ఒకే రాతిలో ముందువైపు కేశవుడు, వెనకవైపు జగన్మోహిని ఉన్న విగ్రహం చూసి పరవశించిపోతుందనుకుంటాం. ఆవిడ దణ్ణం పెట్టుకుని వచ్చేసి, గుడి బయట అరటిగెలల ధర అడుగుతూ అరగంట నిలబడుతుంది. సరే, అదీ యాత్రే.

కారులో మాటలు

ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన కూర్చుంటే వస్తాయి. కళ్ళు రోడ్డు మీద ఉంటాయి కాబట్టి ఎవరి మొహం ఎవరూ చదవరు. మధ్యలో మౌనం వచ్చినా ఇబ్బంది ఉండదు, ఏదో ఒక వంతెన వచ్చి మాట అందిస్తుంది. అందుకే అమ్మని వెనక సీట్లో దిండేసి కూర్చోబెట్టకండి. ముందు సీటు ఆవిడదే. మీకు కాలవగట్టు రోడ్లు అలవాటు లేకపోతే డ్రైవర్ని పెట్టుకోండి, తప్పేమీ లేదు. ఒక పక్క కాలవ, ఒక పక్క పల్లం, ఎదురుగా బస్సు వస్తే పట్టణాల్లో నేర్చుకున్న డ్రైవింగు అక్కరకు రాదు. డ్రైవరుంటే మాత్రం ఇద్దరూ వెనకే కూర్చోండి, ఇంటి గుట్టు మాటలు రాత్రి గదికి దాచుకోండి.

"నీ చిన్నప్పటి సంగతులు చెప్పమ్మా" అంటే ఎవరూ చెప్పలేరు. చోటునీ సంఘటననీ పట్టుకుని అడగండి. గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి రెండు తేదీలు మర్చిపోవడం సాధ్యం కాదు: 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుపాను. "తుపాను రోజు నువ్వెక్కడున్నావు? రాత్రి ఏం వండావు?" అని అడిగి చూడండి. పాశర్లపూడి దాటుతున్నప్పుడు 1995 బ్లోఅవుట్ గురించి అడగండి. జనవరిలో అంటుకున్న గ్యాసు బావి మంట 65 రోజులు ఆరలేదు. ఆ చుట్టుపక్కల పుట్టిన వాళ్ళయితే ఎవరింట్లో తలదాచుకున్నదీ, గొడ్లని ఎటు తోలిందీ, ఎవరు అన్నం పెట్టిందీ, ఎవరు మొహం చాటేసిందీ అన్నీ చెబుతారు. అక్కణ్ణుంచి మాట దానంతటదే ఇంట్లోకి వస్తుంది. మీరు ఎప్పుడూ వినని ఒక కోపం, ఒక అప్పు, చదువు ఆగిపోయిన సంవత్సరం బయటపడతాయి. వినండి. రికార్డు చేయకండి. ఫోన్ కనబడగానే అమ్మలు ఉపన్యాసం మొదలుపెడతారు.

మీవాళ్ళు కోనసీమ వాళ్ళు కాకపోయినా ఫరవాలేదు, చోటు చూసినా మాట పుడుతుంది. పి.గన్నవరం దగ్గర ఒక కాలవ వైనతేయ నదిని దాటుతుంది. కింద నది, పైన సాగునీరు. కాటన్ హయాంలో, 1850లలో కట్టిన పాత అక్విడెక్టు పక్కనే 2000లో కొత్తది వచ్చింది. దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆవిడ, లంకల గన్నవరంలో తన ఇంటికొచ్చిన వాళ్ళెవరినీ ఆకలితో పంపకుండా అన్నం పెట్టిన ఇల్లాలు. ఇప్పుడు బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. అక్కడ కారాపి ఈ కథ నేను చెప్పబోతే అమ్మ సగంలోనే అందుకుంది. "ఆవిడ అందరికీ పెట్టింది సరేనే, ఆవిడ తిన్నదా లేదా అడిగినవాళ్ళెవరైనా ఉన్నారా?" ఏ పుస్తకంలోనూ నాకు ఈ ప్రశ్న తగల్లేదు.

మరో సంగతి కూడా గమనించండి. కోనసీమలో దారి అడిగితే దారి చెప్పి ఊరుకోరు. "మీదే ఊరండీ? ఎవరి తాలూకండీ ఆయ్?" అని వివరం లాగుతారు. మనూళ్ళో ఇన్నేళ్ళుగా ఫలానా వాళ్ళ అమ్మగా, ఫలానా ఆయన భార్యగా ఉన్న మనిషి ఇక్కడ తన తండ్రి పేరు చెబుతుంది, తాతగారి ఊరు చెబుతుంది. అవతలి వాళ్ళు ఎక్కడో ఒక చుట్టరికం కలిపేస్తారు. కలవకపోయినా కొబ్బరిబోండాం కొట్టిస్తారు. అప్పుడు అమ్మ ముందుండి మాట్లాడుతుంది, మీరు వెనక "మా అమ్మాయండీ" అయి నిలబడతారు. మీకిది కొంచెం కొత్తగా ఉంటుంది.

మాట్లాడకూడనివి

మురమళ్ళలో వీరేశ్వరస్వామి గుడి ఉంది. స్వామికి నిత్యం కల్యాణం చేస్తారు. పెళ్ళికాని వాళ్ళ పేరిట చేయిస్తే సంబంధం కుదురుతుందని నమ్మకం. మీకు ముప్పై దాటి పెళ్ళి కాకపోతే, ఈ ఊరు మీ దారిలో ఉన్న సంగతి మీ అమ్మకి మీకన్నా ముందే తెలుసు. కాబట్టి బయల్దేరే ముందే ఒప్పందం చేసుకోండి. కారులో ఎత్తకూడని విషయాలు ఆవిడవి రెండు, మీవి రెండు. మీవి పెళ్ళి, పిల్లలు కావొచ్చు. ఆవిడవి నాన్నగారు, పొలం అమ్మకం కావొచ్చు. కారణాలు అడక్కూడదు. గుడికి మాత్రం వెళ్ళండి. ఆవిడ కళ్ళు మూసుకుని ఏం కోరుకుందో అది ఆవిడ సొంత వ్యవహారం.

ఒక్కసారైనా పోట్లాట వస్తుంది. రెండో రోజు మధ్యాహ్నం, ఎండలో, ఆకలి మీద, చాలా చిన్న దాని గురించి. పరిష్కరించడానికి కూర్చోకండి. కారు నీడకి తీసి, బోండాం తాగి, పావుగంట ఎవరికి వాళ్ళు ఉండండి. అన్నయ్యకో చెల్లికో ఫోన్ చేసి ఫిర్యాదు చేయడం మాత్రం వద్దు. అది పోట్లాటని ఊరేగింపు చేస్తుంది. ఇంకో మాట నిక్కచ్చిగా చెప్పాలి. తల్లీకూతుళ్ళ మధ్య ఏళ్ళ తరబడి మానని గాయం ఉంటే మూడు రోజుల కారు ప్రయాణం దాన్ని మాన్పదు. అలాంటి వాళ్ళు ఒక్కరోజే పెట్టుకోండి. సాయంత్రం ఎవరింటికి వాళ్ళు వెళ్ళగలిగే వీలుండాలి.

ఒళ్ళు, పర్సు, నాన్నగారు

ప్రయాణమంటే మన అమ్మలు ముందు రోజు నుంచే నీళ్ళు తాగడం తగ్గిస్తారు. మరుగుదొడ్డి భయం. మూడో గంటకే తలనొప్పి, నీరసం, విసుగు వస్తాయి. వయసు మీద పడిందనుకుంటాం. కాబట్టి ఎక్కడెక్కడ ఆగుతామో ముందే చెప్పండి. "రావులపాలెంలో బంకు దగ్గర ఆగుతాం, అమలాపురంలో హోటల్లో ఆగుతాం" అని తెలిస్తే నీళ్ళు తాగుతుంది. బీపీకి నీరు పోయే మాత్ర వేసుకునే వాళ్ళయితే ఏ వేళకి వేసుకోవాలో డాక్టరుని ముందే అడగండి, సొంతంగా మానేయనివ్వకండి. గంటన్నరకోసారి దింపి నాలుగడుగులు నడిపించండి. మాత్రలు డిక్కీలో పెట్టిన బ్యాగులో కాకుండా చేతిసంచిలో ఉండాలి. మోకాళ్ళ నొప్పులుంటే గది కింది అంతస్తులో అడగండి.

డబ్బు సంగతి ఇంతకన్నా సున్నితం. ఖర్చంతా మీరే పెట్టుకుంటే ప్రతి బిల్లుకీ ఆవిడ మొహం చిన్నబోతుంది, "ఇంత ఖరీదా, మనకెందుకే" అంటుంది. దారిఖర్చులకని కొంత నగదు ఒక పర్సులో పెట్టి మొదటి రోజే ఆవిడ చేతికివ్వండి. అర్చన, పంటు టికెట్టు, అంబాజీపేటలో పొట్టిక్కలు, కొబ్బరి, పూతరేకులు అన్నీ అందులోంచే. బేరం ఆవిడ ఆడుతుంది. లెక్క అడక్కండి. మీరు కార్డు గీకిన చోట్ల గుర్తులేని ధరలన్నీ ఆవిడకి పైసలతో సహా గుర్తుంటాయి.

ఇక నాన్నగారు. కాఫీపొడి డబ్బా ఎక్కడుందో కనుక్కోవడానికి, మీరు ఎదుర్లంక వంతెన మీద ఉండగా ఆయన ఫోన్ చేస్తారు. ఇది ప్రతి ఇంట్లో జరిగేదే కాబట్టి బయల్దేరే ముందే వంటింట్లో డబ్బాల మీద చీటీలు అంటించి, ఫోన్ రాత్రి ఎనిమిదికి ఒక్కసారే అని చెప్పి రండి. ఆయన బతికే ఉంటారు.

ఎప్పుడు వెళ్ళాలి

జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరదల కాలం. లంక ఊళ్ళ కాజ్‌వేలు మునుగుతాయి, పంట్లు ఆపేస్తారు. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్లవి. సంక్రాంతికి కోడిపందేలకీ, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికీ జనం పోటెత్తుతారు. ఇద్దరే తీరిగ్గా తిరగడానికి అది వేళ కాదు. జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఎండ తగినంతే ఉంటుంది, రోడ్లు పొడిగా ఉంటాయి. అదే రోజుల్లో మాఘమాసం వస్తుంది, అంతర్వేదిలో లక్ష్మీనరసింహుడి కల్యాణం జరుగుతుంది. ఉత్సవం చూడాలా, ఖాళీగా ఉన్నప్పుడు వశిష్ట సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా నడవాలా అన్నది అమ్మనే తేల్చమనండి. నది కలిసే చోట మాత్రం లోపలికి దిగకండి, కాళ్ళు తడుపుకుని వచ్చేయండి. అక్కడ లాగుడు ఎక్కువ. ఆవిడ ఉత్సవమే చూడాలంటే అంతర్వేదిలోనూ, సఖినేటిపల్లిలోనూ గదులు దొరకవు. రాజోలులోనో, వశిష్ట అవతల నరసాపురంలోనో ముందుగానే మాట్లాడి పెట్టుకోండి.